అమ్మోనైట్లు లేని జురాసిక్ శిలలు: ప్రాణహిత లోయలో మిషనెరీల శిలాజ పరిశోధన

ఉత్తర తెలంగాణలో జురాసిక్ కాలపు శిలలు ఉన్నాయి. అయితే ఆ కాలానికి ప్రపంచమంతటా గుర్తుగా చెప్పబడే అమ్మోనైట్లు మాత్రం ఆ శిలలలో లేవు. ఇది చిన్న విషయంగా తోచవచ్చును. కాని ఈ ఒక్క లోటు వలన ప్రాణహిత ఒడ్డున ఉన్న రాళ్ల వయస్సు గురించి నూట డెబ్బై సంవత్సరాలకు పైగా పండితులు వాదించుకున్నారు. ఆ వాదంలో తొలి దశలోనే పాలుపంచుకొన్న వారిలో ఇద్దరు మిషనెరీలు. వారి సువార్త పనిని గురించి మన సంఘ చరిత్ర పుస్తకాలలో రెండు మూడు వాక్యాలైనా కనిపిస్తాయి గాని, వారి శిలాజ పరిశోధనను గురించి ఒక్క వాక్యమూ మాకు కనిపించలేదు.

ఈ వ్యాసంలో కరీంనగర్, ఆదిలాబాదు అని మేము వ్రాసినప్పుడు 2016 విభజనకు పూర్వమున్న పాత జిల్లాలనే ఉద్దేశిస్తున్నాము. ఇప్పుడు ఆ శిలలు ఎక్కువగా మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాదు, పెద్దపల్లి, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలోను, నది అవతలి ఒడ్డున మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలోను ఉన్నాయి. సిరొంచ నేడు వేరే రాష్ట్రమైనను అక్కడి వీధులలో వినబడేది చాలావరకు తెలుగే.

ఈ సంగతి కేవలం పండితుల ముచ్చట కాదు. బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం సంఘాలలో గని కార్మికుల పిల్లలు ఇంటర్ చదివి వచ్చి, బొగ్గు వయస్సు కోట్ల సంవత్సరాలని పుస్తకంలో ఉన్నదే, మీరేమంటారు పాస్టరుగారూ, అని అడుగుతున్నారు. కొందరు బోధకులు వారిని గద్దిస్తారు. మరికొందరు, రాళ్లలోని గవ్వలన్నీ నోవహు జలప్రళయపు గుర్తులని చెప్పి తేలికపరుస్తారు. ఆ రెండు జవాబులలో ఏదీ మన జిల్లాల రాళ్లను చూచి చెప్పిన జవాబు కాదు.

అమ్మోనైటు అంటే ఏమిటి

అమ్మోనైటు సముద్ర జీవి. నత్తలాగా చుట్ట చుట్టుకొన్న గుల్లలో నివసించినా, ఇది నత్త కంటే ఆక్టోపసుకు, స్క్విడ్ చేపకు దగ్గరి బంధువు. గుల్ల లోపల వరుసగా గదులుంటాయి. జీవి చివరి గదిలో ఉండి, మిగిలిన గదులలో గాలిని నింపుకొని నీటిలో తేలుతుంది. ఐగుప్తు దేవత ఆమోనుకు పొట్టేలు కొమ్ములుండేవి గనుక, ఆ కొమ్ము ఆకారమును బట్టి ప్రాచీనులు ఈ రాళ్లకు ఆ పేరు పెట్టారు. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం, డైనోసార్లు అంతరించిన కాలమందే అమ్మోనైట్లు కూడ పూర్తిగా అంతరించాయి.

వీటిలో వందలాది ప్రజాతులున్నాయి. ఒక్కొక్క ప్రజాతి కొద్ది కాలమే బ్రతికి, రూపు మారి, మరొకదానికి చోటిచ్చింది. అదే సమయంలో సముద్రాలన్నిటా వ్యాపించింది. కాబట్టి ఒక రాతిలో ఫలానా అమ్మోనైటు దొరికితే, ఆ రాతి కాలం ఇదని దాదాపు తేదీ వేసినట్టే. జర్మను పండితుడు ఆల్బర్ట్ ఓపెల్ 1856–58 మధ్య జురాసిక్ కాలాన్ని ఈ విధంగా పొరలు పొరలుగా విభజించి చూపాడు. నేడు ఐరోపా జురాసిక్ కాలాన్ని అమ్మోనైట్ల ఆధారంగా డెబ్బైకి పైగా భాగాలు చేస్తున్నారు. పాత నాణెం మీద రాజు బొమ్మను బట్టి చరిత్రకారుడు కాలం చెప్పినట్లు, భూగర్భ శాస్త్రజ్ఞుడు అమ్మోనైటును బట్టి కాలం చెబుతాడు.

సంఘ చరిత్ర చదివిన వారికి ఇక్కడ ఒక పరిచయమైన పేరు ఎదురవుతుంది. ఇంగ్లాండులో క్రీ.శ. 664లో జరిగిన విట్బీ సినడ్‌ను గురించి మన విద్యార్థులు పరీక్షలో వ్రాస్తారు గదా. ఆ విట్బీ మఠానికి అధిపతురాలు హిల్డా. మఠం కట్టే చోట పాములు ఎక్కువగా ఉంటే, ఆమె ప్రార్థించగా అవి రాళ్లయి చుట్టలు చుట్టుకొని సముద్రపు ఒడ్డున పడ్డాయని అక్కడి జనుల కథ. ఆ రాళ్లే అమ్మోనైట్లు. తరువాతి కాలపు వ్యాపారులు ఆ రాళ్లకు పాము తలలు చెక్కి అమ్మేవారు కూడ. భక్తికి అంగడి తోడైతే ఇట్లే ఉంటుంది. 1876లో హయట్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఆ కథను జ్ఞాపకం చేసికొని, ఒక అమ్మోనైటు ప్రజాతికి హిల్డోసెరాస్ అని పేరు పెట్టాడు. హిల్డోసెరాస్ దొరికే శిలలను ఇంగ్లాండులో లయాస్ అంటారు. జురాసిక్ తొలి భాగమది. హిల్డోసెరాస్ కాలం సుమారు 18 కోట్ల సంవత్సరాల క్రిందటిది. ఈ లయాస్ అన్న మాటను చదువరులు గుర్తుంచుకోవలెను, ప్రాణహిత ఒడ్డున మరల వస్తుంది.

మన దేశంలోనూ అమ్మోనైట్లకు మతసంబంధమైన చరిత్ర ఉన్నది. నేపాలులో గండకీ నది మోసుకొచ్చే సాలగ్రామాలు, వైష్ణవులు ఇండ్లలో పెట్టి పూజించేవి, చాలావరకు హిమాలయపు నల్లని రాళ్లలోని అమ్మోనైట్లే. విట్బీలో పాము, గండకిలో చక్రం. ఒకే జీవి గుల్లను చూచి రెండు దేశాల వారు తమ తమ భక్తిని బట్టి రెండు విధాలుగా చదివారు.

శాస్త్రపరంగా మాత్రం భారతదేశపు జురాసిక్ అమ్మోనైట్లకు పుట్టినిల్లు గుజరాతులోని కచ్. మాక్రోసెఫాలైటిస్ అనే ప్రజాతి అక్కడ విరివిగా దొరుకుతుంది. ఐరోపాలోను, మడగాస్కరులోను అదే దొరుకుతుంది. అందుచేత కచ్‌లోని ఆ రాయి జురాసిక్ మధ్య భాగపు చివరిదని సందేహం లేకుండా చెప్పగలిగారు. వాగెన్ అనే పండితుడు 1870లలో కచ్ అమ్మోనైట్లను వర్ణించగా, 1927 నుండి 1933 వరకు స్పాత్ వాటిని మరల పరిశీలించి పెద్ద గ్రంథంగా సవరించాడు.

మన సముద్రతీరం, మన లోయ

తెలుగు నేల మీద అమ్మోనైట్లు బొత్తిగా లేవని కాదు. ఒంగోలు ప్రాంతంలోని బూదవాడ దగ్గర, గోదావరి జిల్లాలలోని రాఘవాపురం దగ్గర సముద్రం ఒకప్పుడు లోపలికి వచ్చి వెళ్లిన గుర్తుగా అవి దొరికాయి. ఒంగోలు ప్రాంతపు శిలలను 1870లలో పరిశీలించిన రాబర్ట్ బ్రూస్ ఫుట్, తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు కూర్చిన రెవ. పీటర్ పెర్సివల్ గారి అల్లుడు. ఆ అమ్మోనైట్లు జురాసిక్ తరువాతి కాలమైన క్రెటేషస్ తొలి భాగానికి చెందినవని స్పాత్ నిర్ణయించాడు. అంటే తీరంలో కూడ కాలం చెప్పినవి అమ్మోనైట్లే.

లోయ సంగతి వేరు. చంద్రపురం నుండి ఆదిలాబాదు తూర్పు భాగం, కరీంనగర్ ఉత్తర భాగం మీదుగా ఖమ్మం వరకు, ప్రాణహిత గోదావరుల వెంట భూమి ఒక పొడవాటి పళ్లెంలాగా క్రుంగింది. ఆ పళ్లెంలోనికి నదులు కోట్ల సంవత్సరాలపాటు ఇసుకను, బంకమట్టిని తెచ్చి పోశాయి. అడుగున సింగరేణి బొగ్గు పొరలున్నాయి. అవి పెర్మియన్ కాలానివి, జురాసిక్ కంటే చాలా పాతవి. వాటిపైన ట్రయాసిక్ కాలపు ఎర్రమట్టి పొరలు, మలేరి, ధర్మారం అనే మన గ్రామాల పేర్లతో ప్రపంచంలోని పాఠ్యపుస్తకాలలో కనిపిస్తాయి. ఆపైన కోట శిలలు. ఇవే జురాసిక్. ఎర్రమట్టి, ఇసుకరాయి, వాటి మధ్య పలచని సున్నపురాతి పొరలు: ఇవన్నీ నదులు, చెరువులు, వరద మైదానాలు వదిలిపెట్టినవి. సముద్రం ఇక్కడికి రాలేదు, అమ్మోనైటు ఉప్పునీటి జీవి. గనుక అది ఇక్కడ లేదు.

కోట చేపలు

కోట అనేది సిరొంచకు ఎగువన ప్రాణహిత ఎడమ ఒడ్డున ఉన్న ఒక పల్లె. 1860లో బ్రిటిషు వారి చేతికి పోయేవరకు ఆ తాలూకా నిజాం రాజ్యంలోనిదే. అక్కడికి మొదట వెళ్లిన వారు వెదకింది శిలాజాలను కాదు, బొగ్గును. డాక్టర్ వాకర్ 1841లో కోట బొగ్గును గురించి కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వ్రాశారు. తరువాత డాక్టర్ బెల్ అక్కడ బొగ్గు కొరకు భూమిని తొలిపించారు. ఆశించినంత బొగ్గు రాలేదు గాని, సున్నపురాతి పలకలలో చేపలు వచ్చాయి. పొలుసులు ఇనుప కవచంలాగా మెరిసే చేపలు, రెక్కలతో సహా రాతి మీద ముద్రించినట్టున్నవి.

వాటిని కల్నల్ సైక్స్ 1851లో లండను జియలాజికల్ సొసైటీ ముందు పెట్టారు. చేపల శిలాజాలలో ఆరితేరిన ఎగర్టన్ వాటిని పరిశీలించి, ఇది లెపిడోటస్ అనే ప్రజాతి అని గుర్తించి, దక్కను పేరు కలిపి డెక్కనెన్సిస్ అని పిలిచారు. లెపిడోటస్ ఇంగ్లాండులోను, జర్మనీలోను లయాస్ శిలలలో దొరుకుతుంది. కాబట్టి కోట రాయి కూడ లయాస్ కాలానిదేనన్న మాట పుట్టింది. విట్బీ ఒడ్డున హిల్డోసెరాస్ ఏ కాలాన్ని చూపిందో, దాదాపు అదే కాలాన్ని ఇక్కడ ఒక మంచినీటి చేప చూపినట్లయినది.

అయితే చేప సాక్ష్యం అమ్మోనైటు సాక్ష్యమంత గట్టిది కాదు. ఒక్కొక్క చేప ప్రజాతి ఎక్కువ కాలం బ్రతుకుతుంది. మంచినీటి చేప ఒక నది నుండి మరొక నదికి సముద్రం దాటి పోలేదు. అమ్మోనైటు తేదీ చెప్పగలదు, చేప యుగం మాత్రమే చెప్పగలదు. వాదాలకు తావిచ్చినది ఇదే.

హిస్లాప్, హంటర్

స్టీఫెన్ హిస్లాప్ 1817 సెప్టెంబరు 8న స్కాట్లాండు సరిహద్దులోని డన్స్ పట్టణంలో జన్మించారు. 1843లో స్కాట్లాండు సంఘం చీలినప్పుడు ఫ్రీ చర్చి పక్షాన నిలిచి, మరుసటి సంవత్సరం మిషనెరీగా బయలుదేరి 1845లో నాగపూరు చేరారు. 1846లో అక్కడ బడి ప్రారంభించారు. నేటి హిస్లాప్ కళాశాల పేరు ఆయనదే. రెండు సంవత్సరాల తరువాత వచ్చి చేరిన రాబర్ట్ హంటర్ ఆయనకు సేవలోను, రాళ్ల వేటలోను జతపనివాడు. ఈ హంటరే ఇంగ్లాండుకు తిరిగి వెళ్లిన పిమ్మట పెద్ద ఇంగ్లీషు నిఘంటువొకటి సంపాదకత్వం వహించి తెచ్చారు.

వారు బయలుదేరి వచ్చిన సంఘం ఎట్టిదో కొంచెం తెలిసికొనవలెను. ఫ్రీ చర్చి ప్రథమ మోడరేటరు థామస్ చామర్స్, ఆదికాండము మొదటి అధ్యాయము మొదటి రెండు వచనముల మధ్య ఎంత దీర్ఘకాలమైన ఉండవచ్చునని 1814లోనే వ్రాసిన దైవజనుడు. ఆ సంఘ పక్షపు పత్రిక 'ది విట్నెస్' సంపాదకుడు హ్యూ మిల్లర్, రాళ్లు కొట్టే పనివాడిగా జీవితం మొదలుపెట్టి చేపల శిలాజాలలో ప్రసిద్ధుడైనవాడు. నోవహు కాలపు జలప్రళయం భూమండలమంతటిదీ కాక ఒక ప్రాంతానికి పరిమితమైనదని ఆయన వాదించాడు. ఎడిన్‌బరోలోని ఫ్రీ చర్చి వేదాంత కళాశాలలో ప్రకృతి శాస్త్రానికి ప్రత్యేకంగా ఒక ఆచార్య పదవి ఉండేది. 1845లో ఆ పదవిలో జాన్ ఫ్లెమింగ్ అనే పాదిరిని నియమించారు. మన సెమినరీలలో నేటికీ అటువంటిది లేదని చదువరులకు చెప్పనవసరం లేదు. వీరంతా లేఖన ప్రామాణ్యమును గట్టిగా పట్టుకొన్నవారే. సువార్తను పలచన చేసిన వారని వారిని ఎవరూ అనలేదు.

హిస్లాప్, హంటరులు నాగపూరు పరిసరాలలో సేకరించిన ఆకులు, పురుగుల రెక్కలు, గవ్వలు, ఎముకలను గురించిన వారి వ్యాసం 1855లో లండను సొసైటీ పత్రికలో వెలువడినది. మాంగలి అనే చోట వారికి దొరికిన ఒక ఉభయచరపు తలను అదే సంవత్సరం రిచర్డ్ ఓవెన్ బ్రాకియాప్స్ అని పేరు పెట్టి వర్ణించాడు. రాజమండ్రి దగ్గరి శిలల గవ్వలు కూడ హిస్లాప్ చేతికి వచ్చాయి; 1860లో ఆయన వాటినీ తన వ్యాసంలో చేర్చారు.

మన జిల్లాలకు సంబంధించినది మలేరి. పాత ఆదిలాబాదు జిల్లాలోని ఆ పల్లె ఎర్రమట్టిలో నుండి హిస్లాప్ బృందానికి వింత పళ్లు దొరికాయి. దువ్వెన పళ్లలాగా గీతలు తేరిన దంత పలకలవి. భారత భూగర్భ సర్వే అధిపతి థామస్ ఓల్డ్‌హాం 1859లో అవి సెరటోడస్ అనే ఊపిరితిత్తుల చేపవని తేల్చి, మూడు జాతులుగా వర్ణించారు. ఒకదానికి హిస్లాప్ పేరు, మరొకదానికి హంటరు పేరు పెట్టారు. మూడవదాని పేరు విరాప. వినగానే వీరప్ప అనే మన దక్షిణాది పేరు గుర్తుకు వస్తుంది. దొరల పేర్లకు జీవిత చరిత్రలున్నాయి. ఈ మూడవ పేరు లాటిను వర్ణనలో ఇరుక్కొని ఒంటరిగా నిలిచింది. మన సంఘాల తొలి చరిత్రలో బైబిలు స్త్రీలు, ఉపదేశులు ఎట్లుండిరో ఇదీ అట్లే ఉన్నదని మాకు అనిపించింది. ఒక విశేషం: సెరటోడస్ జాతి చేప ఆస్ట్రేలియా నదిలో ఇంకా బ్రతికి ఉన్నదని లోకానికి తెలిసినది 1870లో. అంతకు పదకొండేండ్లకు ముందే మలేరి పళ్లు పుస్తకాలకెక్కాయి.

హిస్లాప్ చెప్పినవన్నీ నిలువలేదు. మధ్య భారతంలోను, బంగాళాలోను ఉన్న బొగ్గు పొరలు జురాసిక్ కాలానివని ఆయన 1850లలో వాదించారు. పొరలలో ఉన్నవి ఆకులు మాత్రమే. వాటిని ఇంగ్లాండులోని యార్క్‌షైరు జురాసిక్ ఆకులతో పోల్చుటయే ఆ రోజులలో దారి. అవి పెర్మియన్ కాలానివని తరువాత తేలినది. అదే సమయంలో ఆస్ట్రేలియాలో ఇదే తగాదా నడిచింది. బొగ్గు ఆకులను చూచి మెకాయ్ అనే ఆచార్యుడు జురాసిక్ అన్నాడు. ఆ ఆకుల పొరలతో కలిసి సముద్రపు గుల్లల పొరలుండుట చూచి, అంతకంటే చాలా పాతవని డబ్ల్యూ. బి. క్లార్క్ అనే ఆంగ్లికన్ పాదిరి అన్నాడు. క్లార్క్ మాటే నిలిచింది. ఆయన చేతిలో సముద్రపు గుల్లలున్నాయి, హిస్లాప్ చేతిలో లేవు. మన లోయకు సముద్రం రాకపోవడం ఎంత పని చేసిందో దీనిని బట్టి గ్రహించవచ్చును.

1863 సెప్టెంబరు 4న హిస్లాప్ నాగపూరు దగ్గర టాకల్‌ఘాట్‌లోని ప్రాచీన శిలావృత్తాలను చూచుటకు వెళ్లారు. మధ్య పరగణాల చీఫ్ కమిషనరు రిచర్డ్ టెంపుల్ కూడ వెంట ఉన్నారు. హిస్లాప్ దారిలో బోరి గ్రామపు బడిని పరీక్షించుటకు ఆగి, రాత్రి ఒంటరిగా గుర్రం మీద వస్తూ, పొంగిన వాగు దాటబోయి మునిగి మరణించారు. నలుబది ఆరు సంవత్సరాలు నిండుటకు నాలుగు రోజులు తక్కువ. మలేరి పళ్లను, ఎముకలను గురించి ఆయన వ్రాసిన లేఖల భాగాలు మరుసటి సంవత్సరం లండను పత్రికలో అచ్చయ్యాయి. గోండుల భాష, ఆచారాలు, లింగో గాథను గురించి ఆయన సేకరించిన కాగితాలను టెంపుల్ 1866లో ప్రచురించారు. ఆదిలాబాదు గోండుల మధ్య సేవ చేయు దైవజనులు ఆ పుస్తకాన్ని నేటికీ వెదకి చదువవలసినదే.

జలప్రళయమూ, సున్నపురాయీ

ఇప్పుడు ముందు చెప్పిన బోధను తీసికొందాము. కొండల మీద సముద్రపు గవ్వలుంటే అది జలప్రళయానికి రుజువని చెప్పుట పాత వాడుక. అందులో శాస్త్రం నిలుస్తుందా లేదా అనేది పక్కన పెట్టినా, ఆ మాట పనికి రావాలంటే మొదట సముద్రపు గవ్వలు ఉండవలెను గదా. కోట సున్నపురాతిలో అమ్మోనైటు ఒక్కటీ లేదు. ఉన్నవి మంచినీటి చేపలు, కీటకాలు, ఎస్తీరియా అనే వేలి గోరంత కూడ లేని రెండు చిప్పల రొయ్య జాతి జీవులు. 1862లో రూపర్ట్ జోన్స్ ఈ ఎస్తీరియాకు కోట ఊరి పేరే పెట్టాడు. వీటి బంధువులు నేడు మన చెరువులలోను, వాన నీటి గుంటలలోను పుట్టి పెరుగుతాయి. పలకలుగా విడిపోయే ఆ సున్నపురాయి నిలకడగా ఉన్న నీటి అడుగున మెల్లగా పేరుకొన్నది. ప్రపంచాన్ని ముంచెత్తిన ఒక్క సంవత్సరపు ప్రవాహం ఒక చెరువును, ఆ చెరువు పురుగులను, వాటి పైన మరల ఎర్రమట్టిని, ఆ మట్టిలో భూజంతువులను వరుస తప్పకుండా పరచిపోయిందని చెప్పడం మాకు సాధ్యం కాలేదు.

క్రీ.పూ. 4004 సంగతి కూడ చెప్పవలెను. ఆర్చిబిషప్ అషర్ 1650లో వంశావళులను బట్టి లెక్కగట్టిన ఆ సంవత్సరం, 1701 నుండి ఇంగ్లీషు బైబిళ్ల అంచులలో అచ్చయి, లేఖనంతో సమానంగా తలంచబడినది. అది అంచులోని లెక్క, మూలములోని వాక్యం కాదు. అషర్ గొప్ప పండితుడు, ఆయనను హేళన చేయుట మాకు ఇష్టం లేదు. ఆయన దగ్గర రాళ్ల సాక్ష్యం లేదు. చామర్స్, మిల్లర్, హిస్లాపుల దగ్గర ఉన్నది, వారు దానిని దాచలేదు. ఈ రెంటి నడుమ ఏ వ్యాఖ్యానం సరైనదన్నది పాతనిబంధన శాఖ వారి వ్యాసాలకు విడిచిపెడుతున్నాము. మేము చరిత్రకు సంబంధించిన ఒక్క మాటే చెప్పగలము: భూమి వయస్సు పెద్దదని ఒప్పుకొనుట నిన్న మొన్న చల్లబడిన విశ్వాసులు కనిపెట్టినది కాదు, మధ్య భారతానికి సువార్త తెచ్చిన వారు తమ పెట్టెలలో వెంట తెచ్చుకొన్నదే.

హిస్లాప్ తరువాత

విలియం కింగ్ 1881లో ప్రాణహిత–గోదావరి లోయ భూగర్భ నిర్మాణాన్ని గ్రంథంగా వ్రాశారు. సింగరేణి బొగ్గును గుర్తించిన వాడు కూడ ఈ కింగే. మలేరి ఎముకలలో ఒక మొసలి వంటి జంతువును 1885లో లిడెక్కర్ వర్ణించి పారాసుకస్ హిస్లోపి అని పేరు పెట్టాడు. హిస్లాప్ మరణించి అప్పటికి ఇరువది రెండేండ్లు.

ఆ తరువాత చాలా కాలం పని మందగించింది. 1957లో ప్రొఫెసర్ మహలనోబిస్ పిలుపు మీద పమేలా రాబిన్సన్ అనే బ్రిటిషు శాస్త్రజ్ఞురాలు కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి, మన లోయలో వెదకుట ప్రారంభించారు. కోటకు సమీపంలోని పోచంపల్లి దగ్గర (ఇది చేనేత పోచంపల్లి కాదు) సుమారు మూడు వందల ఎముకలు ఒక్కచోట దొరికాయి. తొడ ఎముకే మనిషి ఎత్తున ఉన్నది. తవ్వకం రవీంద్రుని శతజయంతి సంవత్సరమైన 1961లో జరిగినందున, పెద్ద కాలు అనే అర్థమిచ్చే బెంగాలీ మాట కలిపి 1975లో దానికి బారాపాసారస్ టాగోరై అని పేరిడినారు.

నదికి ఈవలి ఒడ్డున, ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గర, భారత భూగర్భ సర్వే వారు 1970ల చివర తవ్వగా మరొక పెద్ద శాకాహార డైనోసారు బయటపడింది. ఒక్కటి కాదు, కనీసం పన్నెండు జంతువుల ఎముకలు, మొత్తం ఎనిమిది వందలకు పైగా. సర్వేకు చెందిన పి. యాదగిరి 1988లో దానిని కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని నామకరణం చేశారు. ఒక మారుమూల పల్లె పేరు, ఒక తెలుగు శాస్త్రజ్ఞుని చేతి మీదుగా, శాస్త్ర గ్రంథాలలోనికి ఎక్కింది. ఆ అస్థిపంజరాన్ని హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటరులో నిలబెట్టారు. తొమ్మిది మీటర్ల పొడవు. సండే స్కూలు పిల్లలను హైదరాబాదు తీసికొని వెళ్లే సంఘాలు బిర్లా మందిరం మెట్ల దగ్గర నుండే తిరిగి వచ్చేస్తుంటాయి. పక్కనే ఉన్న ఈ జంతువు మన జిల్లాదేనని పిల్లలకు చూపిన పాస్టర్లను మేము ఇద్దరు ముగ్గురినే ఎరుగుదుము.

అయినను వయస్సు వాదం ముగియలేదు. చేపలను, డైనోసార్లను చూచిన వారు కోట శిలలు జురాసిక్ తొలి భాగమని, అంటే ఎగర్టన్ చెప్పిన లయాస్ దగ్గరనే నిలిచారు. సూక్ష్మజీవుల పెంకులను, చిన్న జంతువుల పళ్లను చూచిన వారిలో కొందరు జురాసిక్ మధ్య భాగమన్నారు. మరి కొందరు పై పొరలు క్రెటేషస్ తొలి భాగం దాకా రావచ్చునన్నారు. ఒక్క అమ్మోనైటు దొరికి ఉంటే ఈ తగవు ఒక్క సాయంత్రంలో తీరిపోయేది. అది దొరకదని తెలిసిన శాస్త్రజ్ఞులు ఉన్నదానితోనే పని చేస్తున్నారు. ఎర్రమట్టిని బస్తాలకెత్తి, నీటిలో నానబెట్టి, సన్నని జల్లెడలలో కడిగి, మిగిలిన రేణువులను సూక్ష్మదర్శిని క్రింద ఏరుతారు. అట్లు ఏరిన పళ్లలో ఎలుకంత జంతువులవి, మన దేశంలో దొరికిన అత్యంత ప్రాచీనమైన క్షీరదాలలో కొన్ని ఉన్నాయి. 1981లో ఒకదానికి కోటాథీరియం హాల్డేనై అని, 1984లో మరొకదానికి ఇండోథీరియం ప్రాణహితై అని పేర్లు పెట్టారు. ఆ పళ్లు ఒక్కొక్కటి కొన్ని మిల్లీమీటర్లు కూడ ఉండవు. ఆదిలాబాదు జిల్లాలోని పైకాసిగూడెం దగ్గరి మట్టి కూడ ఇట్లే జల్లెడలకెక్కింది.